కరెంటు దారిలో గుండె

పల్నాడులో ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా ఆ మాట ఒకేలా వినిపిస్తుంది: "ఆయనకు గుంటూరులో కరెంటు పెడుతున్నారంట." డాక్టరు చీటీ మీద రేడియోథెరపీ అని రాసింది ఊరు చేరేసరికి కరెంటు అయిపోతుంది. ఆ పేరు ఎవరు పెట్టారో కానీ గట్టిగా పాతుకుపోయింది, వెంట భయాన్ని కూడా తెచ్చుకుంది. కరెంటంటే పల్లెల్లో తెలిసింది ఏమిటి? బోరు మోటారు స్టార్టరు దగ్గర తడిచేత్తో ముట్టుకుంటే విసిరికొట్టేది. అలాంటిది మనిషి రొమ్ము మీద పెడతారంటే ఇంటిల్లిపాదికీ ఆ రాత్రి నిద్ర పట్టదు.

నిజానికి ఈ వైద్యంలో రోగి ఒంట్లోకి విద్యుత్తు రవ్వంత కూడా వెళ్లదు. వెళ్లేవి ఎక్స్-కిరణాలు. ఈ ప్రసంగాన్ని నరసరావుపేటలోని రేడియో దాకా మోసుకొచ్చే తరంగానికీ, ఊపిరితిత్తిలోని కణితి మీదికి వదిలే ఆ కిరణానికీ వంశం ఒకటే. రెండూ విద్యుదయస్కాంత తరంగాలే. తలుపులు బిగించుకున్నా రేడియో తరంగం గోడలోంచి ఇంట్లోకి వచ్చేస్తుంది, ఎవరికీ ఏమీ చేయకుండా అవతలి గోడలోంచి పోతుంది. ఎక్స్-కిరణం కూడా అలాగే ఒంటి ఒక పక్క నుంచి దూరి రెండో పక్క నుంచి బయటికొస్తుంది. కాకపోతే దీని శక్తి లెక్కకు అందనన్ని రెట్లు ఎక్కువ కాబట్టి దారి పొడవునా కణాల్లోని డీఎన్‌ఏ పోగులను తెంచుకుంటూ పోతుంది. కణితిని చంపేది ఆ తెంపడమే. చిక్కంతా ఎక్కడంటే, కణితి దాటగానే ఈ కిరణం ఆగదు. ఊపిరితిత్తి వెనకో, పక్కనో, కిందో ఉన్నది గుండె.

ఒక మనిషిని ఊహించుకుందాం. మాచర్ల వైపు రైతు, అరవై దాటిన వయసు, యాభై ఏళ్లుగా చుట్టో బీడీయో మానలేదు. దగ్గు వస్తోంది. మిర్చి సీజన్లో పల్నాడులో దగ్గనివాళ్లు ఎవరు? కల్లంలో కాయ ఆరబోస్తే ఊరంతా ఘాటే. "కాయ ఘాటుకు గొంతు పట్టింది" అనుకుంటూ మూడు నెలలు గడిచిపోతాయి. కళ్లెలో రక్తపు జీర కనిపించాక గుంటూరు ప్రయాణం. స్కాను, సూదితో ముక్క తీసి పరీక్ష, ఆ తర్వాత డాక్టరు మాట: కణితి ఊపిరితిత్తిలో ఉంది, రొమ్ము మధ్యలోని గ్రంథులకూ పాకింది, మూడో దశ, కోయడం కుదరదు, మందులూ కరెంటూ కలిపి ఇవ్వాలి. వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు వారాలు. మొత్తం ముప్పై సిట్టింగులు.

ఆ ముప్పై సిట్టింగులు చాలామందికి ముప్పై ప్రయాణాలు. మాచర్ల నుంచి నడికుడి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు పోయే రైల్లో, లేదంటే బస్సులో. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించి ఇచ్చిన క్యాన్సర్ కేంద్రం 2020 జులైలో ప్రారంభమైంది. అంతకు ముందు పల్నాడు రోగికి క్యాన్సర్ వైద్యం అంటే ఎక్కువగా హైదరాబాదే గుర్తొచ్చేది: 1955 నాటి ఎం.ఎన్.జె. ఆసుపత్రి, లేదా 2000లో మొదలైన బసవతారకం ఇండో అమెరికన్ ఆసుపత్రి. ఆ రెండోదాన్ని నిలబెట్టడంలో నరసరావుపేట మనిషి చెయ్యి ఉంది. పేటలో సర్జన్‌గా పేరు తెచ్చుకుని రాజకీయాల్లోకి వెళ్లిన కోడెల శివప్రసాదరావు తొలినాళ్లలో దానికి చైర్మన్‌గా పనిచేశారు.

గుంటూరు పెద్దాసుపత్రి గురించి మరో మాట. 2016 మేలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం అక్కడే గుండె మార్పిడి ఆపరేషన్ చేసింది. రాష్ట్రంలో సర్కారు ఆసుపత్రిలో అలాంటిది జరగడం అదే మొదలు. అంటే గుండె బాగుచేసే చేతులూ, క్యాన్సర్‌ను కొట్టే యంత్రమూ ఒకే ఆసుపత్రికి చేరాయి. ఈ ప్రసంగానికి కావలసింది కూడా ఆ రెంటి మధ్య నడిచే దారే. వైద్యుల ప్రపంచంలో ఆ దారి పడటానికి యాభై ఏళ్లు పట్టింది.

చాలాకాలం డాక్టర్లు గుండెను మొండి అవయవం అనుకున్నారు. రేడియేషన్‌కు పెద్దగా లొంగదనేది నమ్మకం. దానికి కారణం లేకపోలేదు. గుండె కండరపు కణాలు పదేపదే విభజన చెందవు, రేడియేషన్ దెబ్బ ముందుగా కనిపించేదేమో విభజన చెందే కణాల్లో. పైగా ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు గుండె చెడిపోయేంతకాలం బతికేవాళ్లు కారు. బతకనివాళ్లలో ఆలస్యంగా వచ్చే జబ్బు ఎవరికి కనిపిస్తుంది?

కనిపించింది వేరే క్యాన్సర్లో. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో హాడ్జ్‌కిన్ వ్యాధి ఉన్న కుర్రవాళ్లకు రొమ్ము మధ్య భాగానికి రేడియేషన్ ఇచ్చి నయం చేసేవారు. వాళ్లలో గుండె పొర వాపులు, గుండె జబ్బులు కనిపిస్తున్నాయని 1960ల నుంచే అక్కడి డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. 1993లో అక్కడి 2,232 మంది రోగుల లెక్క తీస్తే, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు మామూలు మనుషుల కంటే 3 రెట్లు తేలింది. క్యాన్సర్‌ను గెలిచిన మనిషి గుండె దగ్గర ఓడిపోవడం అంకెల్లోకి ఎక్కింది.

తర్వాత రొమ్ము క్యాన్సర్. స్వీడన్, డెన్మార్క్ దేశాల్లో 2,168 మంది స్త్రీల రికార్డులు తిరగేసి 2013లో ఒక అధ్యయనం వచ్చింది. గుండెకు సగటున తగిలిన ప్రతి గ్రే మోతాదుకూ గుండెపోటు వంటి పెద్ద ఘటనల రేటు 7.4 శాతం చొప్పున పెరిగిందని అది తేల్చింది. ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పుకునే గీత ఏదీ ఆ లెక్కలో దొరకలేదు. మొదటి అయిదేళ్లలోనే మొదలైన ఆ ముప్పు ఇరవై ఏళ్లు దాటినా పోలేదు.

గ్రే అనేది రేడియేషన్ మోతాదుకు కొలత, లూయీ హెరాల్డ్ గ్రే అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పేరు. ఒక కిలో కండ ఒక జౌలు శక్తిని పుచ్చుకుంటే ఒక గ్రే. ఊపిరితిత్తి కణితికి మామూలుగా ఇచ్చేది 60 గ్రేలు, సిట్టింగుకు 2 చొప్పున. కిలో కండకు అందే ఆ 60 గ్రేల శక్తినంతా వేడిగా మార్చి ఒకేసారి కిలో నీళ్లలో పెడితే ఆ నీళ్లు ఒక డిగ్రీలో దాదాపు డెబ్బయ్యో వంతు మాత్రమే వేడెక్కుతాయి. కరెంటు పెడితే లోపల మాడిపోతుందని జడిసేవాళ్లకు ఈ లెక్క పనికొస్తుంది. వేడితో కాలడం ఇక్కడ లేదు. కంటికి కనిపించని పోగులు తెగడం ఉంది, ఆ తెగినదాని ఫలితం గుండె రక్తనాళాల్లో నెలలు, ఏళ్లు గడిచాక బయటపడటం ఉంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ దగ్గరికి వస్తే అసలు కథ ఇక్కడే మలుపు తిరిగింది. అమెరికా, కెనడాల్లో ఆర్.టి.ఓ.జి. 0617 అనే పేరుతో ఒక పెద్ద పరిశోధన నడిచింది. ప్రశ్న చాలా సూటిది. 60 గ్రేలతో కొంతమంది బతుకుతున్నారు కదా, 74 గ్రేలు ఇస్తే ఇంకా ఎక్కువమంది బతకరా? ఎక్కువ మందు ఎక్కువ గుణం అనే లెక్క. పత్తి చేలో మందు కొట్టే ఏ రైతైనా ఒకసారి ఈ లెక్క వేసుకుని చెయ్యి కాల్చుకునే ఉంటాడు. ఇక్కడా అదే జరిగింది. 2015లో ఫలితాలు వచ్చాయి. 60 గ్రేలు తీసుకున్నవారిలో సగం మంది 28.7 నెలలు దాటి బతికారు. 74 గ్రేల వారిలో సగం మంది 20.3 నెలలు దాటలేదు. మోతాదు పెంచితే ఆయుష్షు ఎనిమిది నెలలు తరిగింది.

ఎందుకు? దీని మీద వాదాలు బోలెడు నడిచాయి. కారణం ఒక్కటే అనడానికి వీల్లేదు. అన్నవాహిక ఎక్కువగా పుండుపడటం కూడా లెక్కలోకి వచ్చింది. అయితే రికార్డులు మళ్లీ తవ్వినప్పుడు పదేపదే తేలిన పేరు గుండె. గుండెలో ఎంత భాగానికి ఎంత రేడియేషన్ తగిలిందన్నదానికీ, మనిషి ఎంతకాలం బతికాడన్నదానికీ లంకె కనిపించింది. ఏళ్ల తర్వాత వస్తుందనుకున్న ముప్పు రెండేళ్లలోనే తలుపు తట్టిందన్నమాట.

ఇది డాక్టర్లను నిజంగా కుదిపింది. రొమ్ము క్యాన్సర్ నయమైన నలభై ఏళ్ల స్త్రీ గుండె గురించి ఆలోచించడం వాళ్లకు అలవాటే. మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న పెద్దాయన గుండె గురించి ఆలోచించడం కొత్త. "ముందు క్యాన్సర్ సంగతి చూద్దాం, గుండె సంగతి తర్వాత" అనేది అప్పటిదాకా నడిచిన మాట. 2017లో అమెరికా నార్త్ కరోలినా వైద్యులు 112 మంది మూడో దశ రోగుల వివరాలు విప్పి చూశారు. గుండెకు సగటున 10 గ్రేల లోపు తగిలినవారిలో రెండేళ్లలో లక్షణాలతో గుండె జబ్బు బయటపడింది నూటికి 4 మందికి. 10 నుంచి 20 మధ్య తగిలినవారిలో 7 మందికి. 20 దాటినవారిలో 21 మందికి. ముందే గుండె జబ్బు ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ.

ఆపరేషన్ చేసి కణితి తీసేశాక ముందుజాగ్రత్తగా రొమ్ము మధ్య భాగానికి రేడియేషన్ ఇచ్చే పద్ధతి ఒకటుంది. దాని మీద యూరప్‌లో లంగ్ ఆర్ట్ అనే పరిశోధన 501 మందితో సాగింది. రేడియేషన్ తీసుకున్నవారిలో 11 శాతం మందికి, తీసుకోనివారిలో 5 శాతం మందికి తర్వాతి కాలంలో గుండె, ఊపిరితిత్తుల తీవ్ర సమస్యలు వచ్చాయి. ఫలితాలు 2021 చివర్లో అచ్చయ్యాక అలాంటి రోగులందరికీ కళ్లు మూసుకుని కరెంటు రాసే అలవాటు తగ్గింది. కొన్నిసార్లు మంచి వైద్యం అంటే ఒక వైద్యం రాయకపోవడం.

గుండెలో జరిగేది ఏమిటో కొంత తెలుసు. రక్తనాళాల లోపలి పొర సన్నని అస్తరు లాంటిది. కిరణం దెబ్బకు అది వాచి గరుకుబారుతుంది, అక్కడ కొవ్వు చేరడం వేగం పుంజుకుంటుంది. పొగతాగడం, షుగరు, బీపీ చేసే పనే ఇది. మరో చెయ్యి తోడైందంతే. గుండెను కప్పి ఉంచే పొరలో నీరు చేరవచ్చు. కండరం మధ్యలో మచ్చకట్టి బిరుసెక్కవచ్చు. కవాటాలు దళసరి కావచ్చు, గుండె కొట్టుకునే లయ తప్పవచ్చు. గుండె అంతా ఒకటే కాదన్నది ఈమధ్య బాగా బోధపడిన సంగతి. గుండె ముందు భాగాన కిందికి దిగే ఎడమ ధమనికి తగిలే మోతాదు వేరుగా కొలవాలని హార్వర్డ్ వైద్యులు లెక్కలతో చూపించారు. గుండె పైభాగానికి, అంటే పెద్ద రక్తనాళాలు బయల్దేరే చోటికి తగిలే మోతాదు ప్రధానం అని ఇంగ్లండులోని మాంచెస్టర్ వైద్యులు చూపించారు. ఎవరి లెక్క ఎక్కువ నిలుస్తుందో కాలం చెప్పాలి. గుండెను స్కాను మీద ఒక గుండ్రటి మచ్చలా గీసి వదిలేయకూడదన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

మరి మాచర్ల రైతుకు ఏం చేస్తారు? మొదట ఆయన్ని స్కాను బల్ల మీద, రేపు యంత్రం కింద ఎలా పడుకోవాలో అలాగే పడుకోబెడతారు. ఒంటి మీద సిరాతో గుర్తులు పెడతారు. స్నానంలో వాటిని చెరుపుకోవద్దంటారు. ఈ మాట పట్టించుకోని వాళ్లున్నారు, శుభ్రంగా ఉండాలని సున్నిపిండి పెట్టి రుద్దేసుకునేవాళ్లూ ఉన్నారు! గుర్తు పోతే గురి పోతుంది. ఊపిరి తీసేటప్పుడు కణితి ఎంత దూరం కదులుతుందో చూసే స్కాను కూడా ఉంది. ఆ తర్వాత కంప్యూటరు మీద డాక్టరు కణితిని గీస్తారు, గుండెను గీస్తారు, వెన్నుపామును, అన్నవాహికను గీస్తారు. ఫిజిసిస్టు కూర్చుని కిరణాలు ఏ కోణాల నుంచి వెళ్లాలో లెక్కలు కడతారు. రోగి ఈ ఫిజిసిస్టు ముఖం ఎప్పుడూ చూడకపోవచ్చు. గుండెకు ఎంత తగలాలన్నది మాత్రం చాలావరకు ఆ గదిలోనే తేలుతుంది.

పాత పద్ధతిలో రెండు మూడు వైపుల నుంచి వెడల్పాటి కిరణం. ఇప్పటి ఐ.ఎం.ఆర్.టి. పద్ధతిలో కిరణాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క బలాన్ని తగ్గించి పెంచి, కణితి ఆకారానికి తగ్గట్టు మలుస్తారు. పైన చెప్పిన 0617 పరిశోధనలోనే ఈ పద్ధతిలో చికిత్స పొందినవారి గుండెకు మోతాదు తక్కువ తగిలినట్టు తేలింది. గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టించే ఉపాయం కూడా ఉంది. ఊపిరితిత్తులు ఉబ్బితే గుండె కాస్త కిందికి జారుతుంది, కణితి కదలడం ఆగుతుంది. రొమ్ము క్యాన్సర్లో ఇది బాగా కుదురుతుంది. యాభై ఏళ్లు చుట్ట తాగిన ఊపిరితిత్తి ఇరవై సెకన్లు బిగబట్టమంటే తడబడుతుంది, అందుకని ఇక్కడ అందరికీ సాధ్యం కాదు. ప్రోటాన్ కిరణం లోతు చూసుకుని ఆగిపోతుంది, వెనక ఉన్న గుండెను వదిలేస్తుంది. అది చెన్నై అపోలోలో 2019 నుంచి ఉంది. మాచర్ల నుంచి దాని దూరాన్ని కిలోమీటర్లలో కంటే రూపాయల్లో కొలవడం న్యాయం.

కణితికే మోతాదు అందాలి, పక్కనున్నవాటికి అందకూడదన్న ఆరాటం తెలుగువాళ్లకు కొత్త కాదు. కృష్ణా జిల్లా మంటాడలో పుట్టి న్యూయార్క్ చేరిన డాక్టర్ నోరి దత్తాత్రేయుడు పేరు తెచ్చుకున్నది బ్రాకీథెరపీలో. అంటే రేడియేషన్ గింజను నేరుగా కణితి దగ్గరికే తీసుకెళ్లే పద్ధతి. ఊపిరితిత్తుల్లో అన్ని కణితులకూ అది కుదరదు కానీ ఆలోచన అదే.

ఇదంతా వింటే ఎవరికైనా అనిపించేది ఒకటే: మరి ఈ కరెంటు ఎందుకు, మానేస్తే పోదా? ఈ ప్రశ్నకు జవాబు గట్టిగానే చెప్పాలి. మానకూడదు. మూడో దశ క్యాన్సర్‌ను వదిలేస్తే గుండె జబ్బు వచ్చేంత వ్యవధి కూడా అది ఇవ్వదు. దేశంలో ఏటా 80 వేలకు పైగా మనుషులకు ఊపిరితిత్తుల క్యాన్సర్ కొత్తగా వస్తోందనీ, 75 వేల దాకా చనిపోతున్నారనీ 2022 అంతర్జాతీయ అంచనా. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంత తక్కువో చూస్తే చికిత్స మానుకునే ఆలోచన రాదు. సగంలో ఆపేయడం ఇంకా చెడ్డది. సిట్టింగుల మధ్య ఖాళీలు పడితే కణితి తేరుకుంటుంది. మిర్చి కోతల కోసమో, తిరునాళ్ల కోసమో వారం రోజులు విరామం తీసుకుంటే ఆ నష్టాన్ని తర్వాత పూడ్చడం కష్టం.

చేయవలసింది మొదటి రోజే నోరు విప్పడం. ఇదివరకు గుండెపోటు వచ్చిందా, స్టెంటు వేశారా, బీపీ, షుగరు ఉన్నాయా, అన్నీ క్యాన్సర్ డాక్టరుకు చెప్పాలి. "అడగలేదు కదా, చెప్పలేదు" అనేది మన దగ్గర మామూలు మాట. పేస్‌మేకర్ ఉన్నవారు తప్పనిసరిగా చెప్పాలి, రేడియేషన్‌కు ఆ యంత్రం దెబ్బతినే వీలుంది. ఈసీజీ, ఎకో ముందే తీయించుకుంటే తర్వాత పోల్చి చూడటానికి ఒక ఆధారం ఉంటుంది. చుట్టా బీడీ అక్కడితో ఆగాలి. "ఎలాగూ వచ్చేసిందిగా, ఇంకా మానడం ఎందుకు" అనే పెద్దాయనకు జవాబు ఇదే: ఊపిరితిత్తికి వచ్చింది, గుండెకు ఇంకా రాలేదు.

అయితే ఆయాసం వచ్చినప్పుడు అది దేనివల్లో పోల్చుకోవడం డాక్టర్లకు కూడా కష్టమే. కణితి వల్ల కావచ్చు, కరెంటు అయ్యాక కొన్ని వారాలకో నెలలకో ఊపిరితిత్తి వాచడం వల్ల కావచ్చు, గుండె వల్ల కావచ్చు. పల్నాడు మనిషికి ఆయాసం కొలుచుకునే కొలబద్ద కోటప్పకొండ. కిందటేడు ఎక్కిన మెట్లు ఈసారి సగంలో ఆగిపోతే వయసు మీద తోసేయడం అలవాటు. కరెంటు తీసుకున్న మనిషి అలా తోసేయకూడదు. పాదాలు వాయడం, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం, రొమ్ము మధ్య నొక్కినట్టు నొప్పి, వీటిలో ఏది వచ్చినా "క్యాన్సర్ నొప్పేలే" అని ఇంట్లో కూర్చోవడం ప్రమాదం. గుండె నొప్పి అనిపిస్తే మాచర్ల నుంచి నేరుగా గుంటూరు దారి పట్టే ముందు దగ్గర్లోని సర్కారు ఆసుపత్రిలో ఈసీజీ తీయించుకోవాలి. అక్కడే గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇచ్చే ఏర్పాటు ఉంటే రోడ్డు మీద పోయే సమయం మిగులుతుంది.

చిత్రం ఒకటుంది. గుండెను ఏ కిరణం నుంచి కాపాడుకోవాలంటున్నామో అదే కిరణాన్ని 2017లో అమెరికాలో కొందరు డాక్టర్లు కావాలనే గుండె మీదికి వదిలారు. లయ తప్పి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్న అయిదుగురు రోగులకు, ఏ మందుకూ లొంగని మచ్చ ఉన్నచోట ఒకే సిట్టింగులో 25 గ్రేలు ఇచ్చారు. వాళ్లలో గుండె వేగం తప్పడం బాగా తగ్గింది. ఎక్కడ తగలాలో అక్కడ తగిలితే అదీ మందే.

యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం గుండెకు సగటు మోతాదు 5 గ్రేల లోపైతే ముప్పు తక్కువ, 15 దాటితే ఎక్కువ, 25 దాటితే మరీ ఎక్కువ. ఈ అంకె చికిత్స మొదలవకముందే ప్లాను కాగితంలో 'మీన్ హార్ట్ డోస్' పేరుతో ఉంటుంది. అడిగితే డాక్టరు చెబుతారు. ముప్పయ్యో సిట్టింగు అయిపోయాక గంట మోగించి, ఫొటో దిగి ఇంటికి పోయేవాళ్లు ఆ కాగితం నకలు ఒకటి అడిగి తీసుకోవాలి. ఆధార్ కార్డూ, రేషను కార్డూ, పట్టాదారు పాసుపుస్తకమూ పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో దానికీ చోటుంటుంది. అయిదేళ్ల తర్వాత నరసరావుపేటలో ఏ గుండె డాక్టరో "ఇంతకు ముందు ఏమైనా జబ్బు చేసిందా?" అని అడిగితే, "అప్పుడెప్పుడో కరెంటు పెట్టించుకున్నానండీ" అనడానికి బదులు ఆ కాగితం బల్ల మీద పెట్టవచ్చు.